అయిదో బొమ్మ

"పక్కకి జరగమ్మా, సున్నం మీద పడుతుంది."

"పడనీ."

మిల్లు గోడకి వీపు ఆనించి కూర్చున్న ఆమె కదల్లేదు. ఆమె తల వెనక గోడ మీద తలుపంత పెద్ద ముఖం, ఓ మగమనిషిది. సమ్మెలో తూటాలకి పోయిన అయిదుగురినీ ఎవరో ఆ గోడ మీద వరసగా గీశారు. కింద ఎర్ర రంగుతో 'కాల్చిందెవరు?' అని రాశారు. జవాబు చెప్పేవాళ్ళు దొరకలేదు గానీ చెరిపేవాళ్ళు మాత్రం రోజుకూలికి దొరికారు. నిన్న నాలుగు బొమ్మలు సున్నం కిందకి పోయాయి. ఇక మిగిలింది ఇదొక్కటే.

"రేపు మిల్లు తెరుస్తున్నారు. గోడ తెల్లగా ఉండాలంట. నా పొట్ట మీద కొట్టకు తల్లీ," అన్నాడు సున్నాలేసే మేస్త్రీ.

"నా మొగుడి మొహం మీద నువ్వు కొట్టొచ్చా?"

మేస్త్రీ ఎత్తిన కుంచె మళ్ళీ బకెట్లో పెట్టేశాడు.

"మీ ఆయనా?"

"ఆఁ."

"చెవులకి పోగులు కూడా గీశారే. పెట్టుకునేవాడా?"

ఆమె మెడ తిప్పి పైకి చూసింది. "పెట్టుకునేవాడు."

"నేను పోతే మా ఆవిడ పీడ పోయిందని తలుపేసుకుంటుంది. నువ్వేమో గోడకి కూడా కాపలా కాస్తున్నావు."

ఆమె నవ్వలేదు. "నిన్న ఆ నాలుగూ చెరిపేటప్పుడు ఎవరూ అడ్డం రాలేదా?"

"కుక్క కూడా రాలేదు. రెండు పూతలేశాను, ఇదేంటని అడిగిన నాథుడు లేడు."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని రోడ్డు వైపు తిరిగింది. ఆ రోజు శవాల వెనక ఊరంతా నడిచింది. ఇవాళ అదే జనం బొమ్మ ముందు నుంచే పోతున్నారు, తల తిప్పకుండా.

సూపర్‌వైజర్ వచ్చి బండి దిగకుండానే అరిచాడు. "ఏంట్రా, సున్నం వెయ్యమంటే కబుర్లు వేస్తున్నావు?"

"ఆవిడ భర్తంట సార్."

"అందరూ అలాగే అంటారు. ఏమ్మా, ఫోటో ఉందా? చూపించు."

"ఫోటో ఉంటే ఈ గోడ దగ్గరకెందుకొస్తాను సారూ?" ఆమె బొమ్మ వైపు చెయ్యి చూపించింది. "ఆ మొహం ఇంకోసారి చూసుకోవాలంటే నాకీ గోడే దిక్కయింది."

సూపర్‌వైజర్ బొమ్మ వైపు ఓసారి చూసి నుదురు తుడుచుకున్నాడు. జాలి అనుకునేరు, ఎండ దెబ్బ అది. "రాతలు కొట్టేసి బొమ్మ వదిలెయ్. అడిగితే సున్నం అయిపోయిందని చెప్తాలే," అని బండి తిప్పుకుని పోయాడు.

ఎర్ర అక్షరాలు పోయాయి. మేస్త్రీ బకెట్ అందుకున్నాడు. "ఇంటికి పోమ్మా, ఇక ఎవరూ ముట్టుకోరు," అని వెళ్ళిపోయాడు.

ఆమె లేచి బొమ్మ గడ్డం మీద పడ్డ సున్నం చుక్కని కొంగుతో తుడిచింది. పక్కనున్న తెల్లటి గోడని అరచేత్తో తడిమింది. నిన్నటి సున్నం చేతికి అంటుకుంది. చెయ్యి కడుక్కోకుండానే తిరిగొచ్చి బొమ్మ కింద కూర్చుంది.

"మీ ఆవిడ ఎక్కడుందో ఏమో, వచ్చేదాకా నేనుంటాలే అన్నా," అంది బొమ్మతో. "నిన్న మా ఆయన మీద సున్నం కొట్టేటప్పుడు పక్కన నేను కూడా లేను."