గుర్వమ్మ తిట్టు

"చెట్టు కొట్టిచ్చినోళ్ల పిల్లలు గిట్లనే ఎండకు మాడిపోను!"

నల్లగొండ గడియారం సెంటరుకు పోయే రోడ్డు పెనంలా కాలుతోంది. తాటిముంజల గంప ముందు కొంగు నెత్తిన కప్పుకొని గుర్వమ్మ కూర్చుంది. ఆమె వెనకాల నరికిన బాదం చెట్టు మొద్దు ఉంది.

"గట్లనకు అవ్వా," అంది ఎదురింటి నాగరాణి, సీసాలో మజ్జిగ అందిస్తూ. చంకలో ఏడాది పిల్ల.

"ఎందుకనొద్దు? నీడున్నప్పుడు నడిచిపోయేటోళ్లు జరసేపు ఆగి ముంజలు కొనేటోళ్లు. ఇప్పుడు నడిచేటోడే లేడు, అందరు ఆటోలెక్కవట్టిరి. పోయిన నెల మా ముసలోడు గీడనే కూలవడె. దవాఖాన దాకనన్న పాణం ఆగకపాయె."

గుర్వమ్మ భర్త గోపయ్య పోయిన నాటి నుంచి నాగరాణి రోజూ మధ్యాహ్నం మజ్జిగ తెస్తూనే ఉంది.

"పెద్దోళ్లను తిట్టు. పిల్లలేం జేసిన్రు? ఆ మాట ఎనుకకు తీస్కో, నీ కాళ్లు మొక్కుత."

గుర్వమ్మ ఓరగా చూసింది.

"తెల్సులే. దుకాణం బోర్డు కనవడతలేదని సతీశ్ గాడే కొట్టిచ్చిండంటున్నరు. మీ ఇంటాయన వీరేశం ఆ సేటు కాడ జీతముండె. సేటు పిల్లల మీద గంత పాయిరమా నీకు?"

నాగరాణి చంకలోని పిల్ల తల మీదికి కొంగు లాగింది.

"పసిపిల్లలవ్వా..."

"అన్న మాట మింగితే ముసలోడు లేసొస్తడా?"

నాగరాణి అక్కడే రోడ్డు పక్కన కూలబడి ఏడ్చేసింది. గుర్వమ్మ బిత్తరపోయింది.

"ఓసి పిచ్చిదానా! పరాయోళ్ల పిల్లల కోసం గింత ఏడుస్తరా? ఏదీ, నీ పిల్లనిటు తే. అయ్యో, ఒళ్లు కాలుతాంది గదనే!"

"రెండొద్దుల సంది గిట్లనే ఉందవ్వా. గోలీలకు తగ్గుతలేదు."

గుర్వమ్మ లేత ముంజ ఒకటి చిదిమి, ఆ చల్లటి నీళ్లు పిల్ల నుదుటికి, మెడ మీది చెమటకాయలకు మెల్లగా రాసింది. పిల్ల ఏడుపు ఆపి ఆమె వేలు పట్టుకుంది.

"ఫికర్ జెయ్యకు బిడ్డా. నా తిట్టు ఆ కొట్టిచ్చినోళ్ల పిల్లలకు తగుల్తది గని, నీ బిడ్డకెందుకు తగుల్తది?"

నాగరాణి పిల్లను గుండెకు అదుముకుంది.

బిడ్డ మీద గొంగళిపురుగులు రాలుతున్నాయని మున్సిపాలిటీలో అర్జీ పెట్టి ఆ చెట్టు కొట్టించింది ఆమే.