లైను మార్చుకోవాలె!

“లైను మార్చుకోవాలె, దొరా!”

వెనుక నుంచి ఆ మాట వినపడగానే ప్రేమ్‌సాగర్‌రావు వీపులో చన్నీళ్లు పారినట్టయింది.

మానేరు మడుగు పక్కన బండ మీద కూర్చొని, బొంబాయి నుంచి బావమరిది పంపిన కొత్త గాలపు గిరకను ఒళ్లో పెట్టుకొని మురిసిపోతున్నాడాయన. చుట్టుపక్కల మనిషన్నవాడు లేడు. డ్రైవర్ దశరథం జీపు తీసుకొని బీడీకట్టకని సుల్తానాబాద్ పోయాడు.

ఆ ఏడు ‘లైను’ అన్న మాట వింటే ఆ చుట్టుపక్కల దొరలకు అన్నం సహించేది కాదు. అడవిలోని అన్నలకు ఒక లైను ఉంటుంది. దానికి అడ్డం పోయినవాడికి వాళ్లు ఒకసారి నోటితో చెప్తారు. రెండోసారి నోటితో చెప్పరు.

అందుకే ఆయన ఊళ్లో గడీకి తాళం పెట్టి కరీంనగర్‌లో కిరాయింట్లో తలదాచుకున్నాడు. చేపల పిచ్చి ఒక్కటే ఆ పొద్దు ఇటు లాక్కొచ్చింది.

ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగితే మొహం చూసినట్టవుతుంది. మొహం చూసినవాణ్ణి వదలరని విన్నాడు.

గుండె ఎంత గట్టిగా కొట్టుకుందంటే, కరెంటు పోయినా రైసుమిల్లు ఎట్లా ఆడుతున్నదని సుల్తానాబాద్‌లో జనం బయటికొచ్చి చూశారట.

“ఏ... ఏం లైను?”

“మీదే. మొదటిసంది గదే పట్టుకొనున్నరు. ఇగ పనికిరాదు. మార్చకుంటే తెగుతది.”

తెగుతది అనగానే ఆయన చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది.

“మార్చుకుంట అన్నా! మీ కాళ్లు మొక్కుత! మా ఊరి ఐలవ్వ చెల్క భూమి ఐలవ్వకు ఇచ్చేస్త. గెట్టురాళ్లు జరిపిచ్చింది నేనే. ముసల్ది ఏడ్చినా ఇనలే. పట్టా చేపిస్త. నన్నేం చెయ్యకుండ్రి!”

మడుగులో ఏదో చేప ఎగిరి పడింది. అదే తూటా అనుకొని దొర కళ్లు మూసుకున్నాడు.

“దొరా... నేనన్నది గాలం లైను.”

ప్రేమ్‌సాగర్‌రావు మెల్లగా మెడ తిప్పాడు. బక్కపలచని మనిషి. మాసిన గడ్డం, తలకు తువ్వాల, భుజాన గోనెసంచి.

“ఓరి నీ! దారమా? దారమని చెప్పొద్దారా?”

అంతసేపూ ఇచ్చిన ‘మీరు’ను దొర అక్కడికక్కడే వాపసు తీసుకున్నాడు.

“కడెం డ్యాం కాడ ఇంజినీర్లు లైను అంటుండె. గదే నోట్లె పడ్డది. గిరకతోని వచ్చిన కంపెనీ దారం పనికిరాదు దొరా. దుకాణంల ఎన్నేండ్లు పడున్నదో! చూడుండ్రి, ఉంగరాలు ఉంగరాలు తిరిగింది.”

అతను బండ మీద కూర్చొని కంపెనీ దారం మొత్తం పీకేశాడు. సంచిలోంచి గట్టి నైలాను దారం తీశాడు. కొసను గిరకకు ముడేసి, ముడిని ఉమ్మితో తడిపి గుంజాడు.

“పొడి ముడి గుంజితే కాలుతది.”

దొర తడిగుడ్డతో దారాన్ని బిగించి పట్టుకుంటే, అతను గిరక తిప్పాడు. దొర పట్టులోంచి దారం మాటిమాటికీ జారిపోతున్నది.

“జర గట్టిగ పట్టుండ్రి. వదులుగ చుట్టుకుంటే పెద్దది పడ్డనాడు చిక్కుపడ్తది. గింత పరేషాన్ ఎందుకు దొరా? నన్ను ఎవలనుకున్నరు?”

“ఎవల్నీ అనుకోలే. సంచిల ఏందిరా గంత బరువు?”

“గుండ్లు. గాలానికి కట్టేటియి.”

పని అయ్యాక సంచి భుజానికెత్తుకొని నాలుగడుగులు వేసి ఆగాడు.

“ఐలవ్వ చెల్క సంగతి... మాటేనా దొరా?”

“మాటే, మాటే! ఇగ పో!”

అతను దొర కళ్లలోకి కాసేపు చూశాడు. తలూపి వెళ్లిపోయాడు.

మధ్యాహ్నానికి దొరకు బొచ్చె చేప పడింది. దాని మీద జీను వేసి పెళ్లికొడుకును ఊరేగించొచ్చు, అంతది. అది మడుగంతా ఈడ్చినా కొత్త దారం తెగలేదు.

జీపులో వస్తూ దశరథానికి జరిగిందంతా చెప్పి దొర పొట్ట పట్టుకొని నవ్వాడు.

“మరి చెల్క ఇస్తరా దొరా?” అన్నాడు దశరథం.

“భయానికి అన్న మాటకు పట్టా చేస్తర్రా? గట్లయితే కలవరింతలకు సుత చెయ్యాలె!”

కరీంనగర్‌కు పోయే తోవలో, దొర సొంతూరి మొదట్లో ఐలవ్వ జీపుకు అడ్డం వచ్చింది. రెండు చేతులూ జోడించింది.

“మీ ఇల్లు సల్లగుండ దొరా! నా చెల్క నాకిస్తనన్నరట!”

దొర నవ్వు ఆగిపోయింది.

“నీకెవలు చెప్పిండ్రు?”

“నా కొడుకు ముత్యం. నా చెల్క పోయినప్పుడు, మీసం రాకముందే అడివిల కలిసినోడు, ఇయ్యాల ఇంటికొచ్చిండు దొరా. నా చేతి గటక తిన్నడు.”

ప్రేమ్‌సాగర్‌రావు గిరకను గట్టిగా పట్టుకున్నాడు. అరచేతిలో చెమటకు అది జారుతున్నది.

“యాడున్నడు వాడు?”

“పాయె దొరా. సంచిలకెళ్లి తుపాకి తీసి చూపిచ్చిండు. ‘అవ్వా, పొద్దుగాల మడుగు కాడికి దొర కోసమే పోయిన, దొర మాటిచ్చిండు, లైను మార్చుకున్నడు, ఇగ నేను సుత మార్చుకుంట’ అని, గా తుపాకి అప్పజెప్పేటందుకు కలెక్టరు కాడికి పోయిండు.”