కూత లేని కుక్కర్

మనసుకు తగిలిన యుద్ధగాయాన్ని ఇప్పుడు ఒక్క రక్తపుచుక్కే చెప్పేస్తోంది. వేలికి సూది గుచ్చిన నర్సు, మాజీ హవల్దారు తవిటినాయుడికి చీటీ ఇచ్చింది. గాయం ముప్పై ఏళ్లనాటిదట. దీనికీ పతకం ఇస్తారట.

"సూసినావా నూకాలూ, నాది పిరికితనం కాదంట. దెబ్బంట," అన్నాడు ఇంటికొచ్చి భార్యతో, ఛాతీ విరుచుకుని.

నూకాలు గంజి వారుస్తూనే అంది: "నాకెప్పుడో తెలుసు. మీరు యుద్ధం నుంచొచ్చిన వారమే కుక్కర్ కూతకి మంచం కిందకి దూరీసినారు. ఆరోజే దాన్ని అటక మీద పెట్టీసినాను. మరెప్పుడైనా ఈ ఇంట్లో కూత ఇన్నారేటి?"

ఎంత ఆలోచించినా ఆయనకు ఒక్క కూతా గుర్తు రాలేదు.

పతకం వచ్చిన రోజు తవిటినాయుడు దాన్ని చొక్కాకు పెట్టుకోలేదు. వంటింట్లో, ఆమె గంజి వార్చే సిబ్బి పక్కన మేకుకు తగిలించి, అటెన్షన్‌లో నిలబడ్డాడు.