రిమోట్ లేని ఇల్లు

గోడకు నిలువెత్తు టీవీ ఉంది. దాన్ని పలికించే రిమోట్ మాత్రం ఇల్లంతా వెతికినా సత్తెమ్మకు దొరకలేదు.

ఏడు గంటలకు చర్చ. తమ ఊరి మున్సిపాలిటీ రాజకీయాల మీద నలుగురు వాదించుకునే ఆ చర్చలో ఆమె భర్త పోచయ్య కూడా కూర్చుంటున్నాడు. టీవీలో కనిపించడం ఆయనకు ఇదే మొదటిసారి.

ఊళ్లో అందరూ ఆయనను ‘కౌన్సిలర్ సాబ్’ అంటారు. మనిషి పలుకుబడి గలవాడే. అయితే పదిమంది ముందు నిలబడితే చెప్పవలసింది మరచి, చెప్పకూడనిది చెప్పడం ఆయన స్వభావం. అందుకే బిడ్డకు పద్యం వల్లె వేయించినట్టు సత్తెమ్మ ఆయనకు మాటలు నేర్పింది. “ఏమన్న మాట్లాడు గని, గుట్టకింది బస్తీ నల్లా ముచ్చట మాత్రం మరువకు” అని వెయ్యిసార్లు చెప్పింది. ఆ బస్తీ ఆడవాళ్లు ట్యాంకరు వెంట బిందెలతో పరుగెత్తుతారు. వాళ్లకు మాట ఇచ్చింది సత్తెమ్మ. ఆ మాట భర్త నోట వస్తుందో రాదో కళ్లారా చూస్తేగాని ఆమె ప్రాణం కుదుటపడదు.

పట్నం శివారు నల్లగండ్లలోని ఈ ఆకాశమంత మేడకు ఆమెను తెచ్చి దింపింది పోచయ్యే. “మోకాళ్ల డాక్టర్ టైమ్ ఇచ్చేదాంక తిరుపతి ఇంట్ల ఉండు. మనోడే” అన్నాడు. తిరుపతి ఆయనకు తమ్ముడి వరస, ప్లాట్ల వ్యాపారి. భార్య రోహిణిది ఇంట్లో కూర్చునే చేసే కంప్యూటర్ ఉద్యోగం.

మర్యాదలకు కొదువ లేదు. అడగకముందే చాయ్, ఆకలి వేయకముందే అన్నం. డాక్టరు మాత్రం ఏ రోజుకారోజు ‘రేపు’ అవుతున్నాడు. ఛార్జింగుకని తిరుపతి తీసుకున్న ఆమె ఫోను చెడిపోయిందట, బాగుచేయడానికి ఇచ్చాడట. తలుపుకు తాళంచెవి లేదు. ఆ దంపతుల వేలు తాకితే తెరుచుకుంటుంది, ఇంకెవరు తాకినా ఎర్రగా మెరిసి ఊరుకుంటుంది. గోడలు అద్దాలవి. మయసభలా అన్నీ కనిపిస్తాయి, ఏదీ చేతికందదు. పళ్లెం బంగారమైనా పంజరం పంజరమేనని చిలుకకు ఎవరూ చెప్పనక్కరలేదు.

పొద్దు వాలింది. దేవుడి ముందు దీపం పెట్టి వచ్చి సత్తెమ్మ సోఫా అంచున కూర్చుంది.

“తిరుపతీ, జర టీవీ పెట్టరాదు.”

“రీచార్జి అయిపోయింది వదినె. రేపు చేస్త.”

“పోనీ, నీ ఫోన్‌ల చూద్దాం.”

“గంత చిన్నదాంట్ల అన్న మొఖం ఏం కనవడ్తది? ఉత్తగ కండ్లు గుంజుతయి.”

“కింద క్లబ్ హౌజ్‌ల పెద్ద టీవీ ఉందట గద.”

“అది ఓనర్లకే. మేం కిరాయోళ్లం.”

“పక్కింటి ప్రభుదాస్ సార్ దగ్గరికి పోదామా మరి?”

“వాళ్లకిది ప్రార్థన యాళ్ల. నడుమల పోయి టీవీ పెట్టుమంటమా?”

సత్తెమ్మ నవ్వింది. “మీ పట్నంల టీవీ చూడాల్నంటే గూడ ముహూర్తం పెట్టియ్యాలె గావచ్చు.”

“పరేషాన్ గాకు వదినె. రేపు తీరువాటంగ చూద్దువు గని.”

“రేపు నేనెట్ల ఉంట? పొద్దుగాల్ల మున్సిపల్ ఆఫీసుల ఉంటనని బస్తీ ఆడోళ్లకు చెప్పిన.”

“అన్ననే వచ్చి తోల్కపోతడు తీ” అని తిరుపతి అద్దం బయటికి చూశాడు.

ఆ చూపుతో సత్తెమ్మకు విషయం అర్థమైనట్టే అనిపించింది. ఇది పోచయ్య కట్టడి. తడబడితే ఇల్లాలు చూస్తుందన్న బెరుకు. ఎన్నేళ్లు కాపురం చేసినా మగవాడి సిగ్గు పోదు గదా అనుకుని, జాలిపడింది కూడా.

ఇంతలో కింద గేటు నుంచి ఫోను వచ్చింది. బిర్యానీ తెచ్చిన మనిషిని పైకి రానివ్వడం లేదట. గొణుక్కుంటూ తిరుపతి దిగిపోయాడు. అతని వెనుక తలుపు తనంతట తానే బిగుసుకుంది.

సత్తెమ్మ వంటింట్లోకి నడిచింది. రోహిణి తల ఎత్తలేదు. ఈ ఇంట్లో కాలు పెట్టిన నాటినుంచీ ఆ పిల్ల తన కళ్లలోకి సూటిగా చూడనే లేదని అప్పుడు తట్టింది.

“చెల్లె, ఒక్కపాలి చూపియ్యి.”

“చూడకుంటెనే మంచిది అక్కా.”

“తడబడ్తడనా? తడబడనీ. నల్లా మాట ఒక్కటి నోట్లకెల్లి వస్తె చాలు నాకు.”

రోహిణి బియ్యం డబ్బా మూత తీసి, మోచేతిదాకా చెయ్యి ముంచి, రిమోట్ బయటికి తీసింది. కొంగుతో తుడిచి సత్తెమ్మ చేతిలో పెట్టింది. “నేనిచ్చిన్నని చెప్పకు” అంది.

టీవీ వెలిగింది. రీచార్జి అయిపోనే లేదు.

తెర నిండా పోచయ్య. ఆమె ఇస్త్రీ చేసి పెట్టిన తెల్లచొక్కాయే వేసుకున్నాడు. తడబాటు లేదు. తక్కిన ముగ్గురూ నోరు మూసుకుని ఆయననే చూస్తున్నారు. మాటలు సరిగా వినబడకపోయినా, తాను నేర్పినదానికన్నా బాగా మాట్లాడుతున్నట్టే ఉంది. సత్తెమ్మ గుండె నిండింది.

వెనుక తలుపు కీచుమంది. తిరుపతి వేలు తాకినట్టుంది. ఆమె తిరిగి చూడక, ధ్వని పెంచింది.

పోచయ్య జేబులోంచి సత్తెమ్మ ఫోటో తీసి అందరికీ కనబడేలా పైకెత్తి, “మా బస్తీ ఓట్లేసి గెలిపిచ్చుకున్న కౌన్సిలరమ్మ, నా ఇంటిది, రేపు చైర్మన్ ఎన్నికల చెయ్యెత్తకుంట అవతలి పార్టోళ్లు ఎత్తుకపోయి యాడ దాచిన్రో ఏమో” అని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు.