ఒరుసుకుంటున్న టైరు

కొత్త టైర్లు వేయించిన దగ్గర్నుంచి గుమాస్తాకి ఒకటే తలనొప్పి. బరువెక్కితే చాలు, ట్రక్కు వెనక టైరు మడ్‌గార్డుకి ఒరుసుకుని బర్రుమంటుంది.

పక్కింటాయన ట్రక్కుకి లావు టైర్లున్నాయని గుమాస్తా తన బుల్లి ట్రక్కుకి అంతకంటే లావువి వేయించాడు. పక్కింటాయన అందులో బరువేమీ వెయ్యడన్న సంగతి మాత్రం గమనించలేదు.

ఇవాళ బరువుకి లోటు లేదు. భార్య తమ్ముడికి ఆపరేషన్. వారం పాటు ఆసుపత్రి పక్కన గదిలో ఉండాలి. ఆ వారానికి ఆవిడ బీరువా, సోఫా, డ్రెస్సింగ్ టేబుల్ ట్రక్కులోకి ఎక్కించింది. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ వెనక తగిలించిన ట్రైలర్లో ఊగుతున్నాయి.

"వాడు చావుబతుకుల్లో ఉంటే డ్రెస్సింగ్ టేబుల్ ఎందుకే?"

"పలకరించడానికి నలుగురూ వస్తారు. దెయ్యంలా కనబడమంటారా?"

దారిలో ఒక బస్సు చెడిపోయి ఆగి ఉంది. దాని పక్కన నడివయసు మనిషొకడు చెయ్యెత్తాడు.

"పెద్దాసుపత్రికి సార్. చాలా అర్జెంటు."

గుమాస్తా దయగలవాడు. పైగా అక్కడ బీరువా దింపడానికి ఒక మనిషి కావాలి.

"వెనకెక్కు. సోఫా మీద మాత్రం కూర్చోకు."

ఆ మనిషి సోఫా పక్కన నిలబడ్డాడు.

కాసేపటికి బర్రుమంది. రబ్బరు కాలిన వాసన. గుమాస్తా దిగి టైరు ముట్టుకుని, చెయ్యి విదిలించుకున్నాడు.

"ఇది పేలిందంటే మీ తమ్ముడి దగ్గరికి చేరినట్టే!"

"ఏదో ఒకటి చెయ్యండి మరి."

గుమాస్తా దీని మీద వీడియోలన్నీ చూసి ఉన్నాడు. నడుం మీద చేతులు పెట్టుకుని హుకుం జారీ చేశాడు.

"బీరువా ముందుకి జరపాలి. ట్రైలర్లో ఫ్రిజ్ వెనక్కి నెట్టాలి. కానీ, కానీ, తొందరగా!"

కానిచ్చింది ఆ మనిషి. చొక్కా తడిసి ముద్దయింది. మోచెయ్యి గీరుకుపోయింది.

"నా బీరువాకి గీత పడలేదు కదా?" అడిగింది భార్య.

"లేదమ్మా."

బండి కదిలింది. గతుకు రాగానే మళ్లీ బర్రుమంది, ఈసారి కొంచెం సన్నగా.

"ఇంకా ఏదో ఒకటి దించాలి. బీరువా?"

"మా నాన్న కొనిచ్చింది!"

"సోఫా?"

"రోడ్డు మీద వదిలేస్తే ఎత్తుకుపోరూ?"

ఎవరూ ఎత్తుకుపోనిది ఏముందా అని ఇద్దరూ వెనక అద్దంలోంచి చూశారు.

"దిగు బాబూ."

"అమ్మా, ఇక్కడ బస్సులు ఆగవు. అక్కడ నా కోసం ఒకాయన..."

"అందరి కోసం ఎక్కడో అక్కడ ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. మాకూ అర్జెంటే. దిగు."

దిగాడు. వెనక తలుపు గొళ్లెం కూడా తనే వేశాడు.

"జాగ్రత్తగా వెళ్లండి సార్."

శబ్దం ఆగిపోయింది.

"చూశారా! బక్కగా కనబడ్డాడు గానీ, ఎంత బరువో!" అంది భార్య. ఆసుపత్రి చేరేదాకా, గంటకు పైగా, ఇద్దరూ హాయిగా కబుర్లు చెప్పుకున్నారు.

ఆపరేషన్ గది తలుపు తీసే ఉంది.

"ఇంకా మొదలుపెట్టలేదేం?"

"రక్తం లేదండీ," అంది నర్సు. "ఈయన గ్రూపు లక్షల్లో ఒకరికి ఉంటుంది. ఎక్కడో ఒకాయన దొరికారు. పేషెంటు ఎవరని కూడా అడక్కుండా బయల్దేరారు. ఇంకా రాలేదు."

"బొత్తిగా బాధ్యత లేదు మనుషులకి!" భార్య కళ్లొత్తుకుంది. "ఒక ప్రాణం పోతోందన్న జ్ఞానం ఉండక్కర్లా?"

"మీకు బండి ఉందా? అరగంట దాటితే మా చేతుల్లో లేదు. ఆయన లైన్లోనే ఉన్నారు, ఎక్కడున్నారో కనుక్కుని తీసుకురండి."

గుమాస్తా నాలుగు దులుపుదామనే ఫోను అందుకున్నాడు.

"హలో! ఎక్కడ తిరుగుతున్నారు మీరు?"

అవతల ఎండలో నడుస్తూ రొప్పుతున్న గొంతు, "సగం దారిలో ఉన్నాను సార్, ఎవరైనా వస్తే ఖాళీ బండిలో రమ్మనండి, ఇందాక నేనెక్కితే టైరు ఒరుసుకుంటోందని దించేశారు" అంటే, గుమాస్తా ఏమని జవాబు చెప్పాలో మీలో ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి.