కింది వాటా టీవీ

సరిగ్గా ఏడింటికి కింది వాటాలో టీవీ మొదలైంది.

పై వాటాలో రచయిత రెండు చెవులూ మూసుకున్నాడు. ఊరు ఊరంతా మొహం తిప్పుకున్న సీరియల్‌ని కింది వాటా ముసలాయన ఒక్కడే, గోడలు అదిరేలా పెట్టుకుని చూస్తున్నాడు.

ఆ సీరియల్ రాసింది ఈ రచయితే.

అంతరిక్షంలో ఒంటరి కేంద్రంలో కూర్చుని, ఎక్కడెక్కడి నుంచో వచ్చే పిలుపులు కలిపే ఆపరేటరమ్మాయి కథ. ఆరేళ్ళు రాశాడు. మొదటి భాగం వచ్చిన మర్నాడే పేపర్లో ‘తొలిచూపు’ శీర్షిక కింద రెండు ముక్కల్లో తేల్చేశారు: “ఆకాశానికి నిచ్చెన వేశారు. అటక దాకా ఎక్కి ఆగిపోయారు.”

ఆ మాటకు మొదట నవ్వింది అతని బావమరిదే.

భార్య మాత్రం ఊరుకోలేదు. పుట్టింటి వైపూ, అత్తింటి వైపూ అందరికీ ఫోన్లు చేసి చూడమని బతిమాలింది. ఆ సంగతి చెబితే ప్రొడ్యూసర్ నిట్టూర్చాడు.

“మీ చుట్టాలు చూస్తే ఏం లాభమండీ? ఎవరేం చూస్తున్నారో లెక్కగట్టే పెట్టెలు కొన్ని ఇళ్ళల్లోనే పెడతారు. ఆ ఇళ్ళవాళ్ళు చూడాలి.”

“ఆ ఇళ్ళెక్కడున్నాయి?”

“వాళ్ళు చెప్పకూడదు, మనం అడక్కూడదు. ఎక్కడో నలుగురైదుగురు పుణ్యాత్ములు చూస్తున్నారు కాబట్టి బండి నడుస్తోంది. ఇంకో వారం ఇలాగే నిలబడితే సీరియల్ ఆపొద్దని ఛానెల్ వాళ్ళ కాళ్ళయినా పట్టుకుంటాను. ఒక్కరు తగ్గినా ఇక నా వల్ల కాదు.”

ఆ గురువారం రచయిత ఓపిక నశించింది. తను రాసిన మాటలే కాళ్ళ కింది నుంచి వినపడుతుంటే, ఎవరో ఎగతాళి చేస్తున్నట్టే ఉంది. మెట్లు దిగి ముసలాయన తలుపు కొట్టాడు. ఏడాదిగా ఒకే ఇంట్లో ఉంటున్నా ఆయనతో మాట్లాడటం అదే మొదలు.

“రండి బాబూ, మంచి ఘట్టంలో వచ్చారు. కూర్చోండి.”

గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అది అతనికిచ్చి ముసలాయన మంచం మీద కూర్చున్నాడు. టీవీ పక్కనున్న చిన్న రిమోట్ చేతిలోకి తీసుకున్నాడు.

“మీ వయసెంత?”

కూర్చున్నాడో లేదో వయసు అడుగుతాడేమిటి, సంబంధం చూస్తున్నట్టు.

“నలభై ఒకటి.”

ముసలాయన కళ్ళద్దాలు సర్దుకుని ఏవో మీటలు నొక్కాడు. టీవీ శబ్దం మాత్రం ఇసుమంతైనా తగ్గలేదు.

“అది కాదండీ, కాస్త సౌండ్ తగ్గిస్తారా? పైన ఉండలేకపోతున్నాం.”

“అయ్యో, అంత వినపడుతోందా? నాకు ఎడం చెవి పోయిందండీ. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ముప్పై ఏళ్ళు చేశాను కదా.” ఆయన చూపు తెర మీద నుంచి కదల్లేదు. “ఈ అమ్మాయిని చూడండి. అవతల ఎవరూ పలకరు. అయినా ‘వింటున్నారా’ అని అడుగుతూనే ఉంటుంది. మేమూ అంతే బాబూ. లైను తెగిందని తెలిసినా ఇంకోసారి అడిగేవాళ్ళం. ఇది రాసినాయన తప్పకుండా ఎక్స్‌ఛేంజిలో చేసే ఉంటాడు.”

చేసింది రచయిత తల్లి. ఆ ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ సిగ్గే ముందుగా నోరు చేసుకుంది.

“ఇదీ ఒక సీరియలేనా అండీ? చెత్త. పేపర్లో ఏకిపారేశారు, మీరు చూడలేదా?”

“ఏమని?”

అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. ముసలాయన మొహం చిన్నబోయింది.

“అలాగా. ఒక్కణ్ణే చూస్తాను కదా బాబూ, బాగుందో లేదో అడగడానికి పక్కన ఎవరూ ఉండరు. బాగుందనే అనుకున్నాను.”

టీవీ కట్టేశాడు.

పీడ విరగడైందనుకుంటూ రచయిత పైకి వచ్చాడు. ఎందుకో ఆ పూట అన్నం సయించలేదు.

శుక్రవారం ఏడింటికి కింద చప్పుడు లేదు. సోమవారం కూడా లేదు. రచయిత హాయిగా పడుకోవలసింది పోయి, గడియారం చూస్తూ కూర్చున్నాడు.

తర్వాతి గురువారం ప్రొడ్యూసర్ ఫోన్ చేశాడు.

“అయిపోయిందండీ. ఉన్న నలుగురైదుగురిలో ఒకరు జారిపోయారు. రేపే ఆఖరు.”

“ఎవరండీ వాళ్ళు?”

“ఎవరని చెప్పను? చూసి చూసి విసుగొచ్చి ఉంటుంది, పాపం.”

రాసిన కథలో చివరి భాగంలో ఆ అమ్మాయికి అవతలి నుంచి జవాబు వస్తుంది. ఆ భాగం ఇక ఎవరూ చూడరు. భార్య కాగితాల కట్ట ఎత్తి అలమారులో పెట్టేసింది.

పది రోజులు గడిచాక, బయటికి వెళ్తూ రచయిత కింది వాటా ముందు ఆగాడు. తలుపు బార్లా తీసి ఉంది. నీలం చొక్కా మనిషి ఒకడు టీవీ వెనక వైర్లు ఊడదీస్తున్నాడు. బూడిద రంగు పెట్టె ఒకటి సంచీలో వేసుకున్నాడు. దాని మీదే ఆ చిన్న రిమోట్ కూడా వేశాడు.

“టీవీ పాడైందా అండీ?”

“లేదు బాబూ. నేను చూడటం మానేశాను కదా. చూడనివాడికి ఇదెందుకని తీసుకెళ్తున్నారు.” ముసలాయన నీలం చొక్కా వైపు తిరిగాడు. “ఇప్పుడు చెప్పొచ్చా?”

“తీసేశాం కదా తాతగారూ, ఇంక మీ ఇష్టం.”

“ఎవరేం చూస్తున్నారో లెక్కగట్టే పెట్టె బాబూ ఇది, ఊళ్ళో నా ఒక్కడింట్లోనే పెట్టారట,” అన్నాడు ముసలాయన, “మీరొచ్చిన రోజు వయసడిగి మీ పేరున కూడా నొక్కాను, పాపం ఆ అమ్మాయి మాట వినేవాళ్ళు ఇంకొక్కరైనా పెరుగుతారని.”