అమ్మ గదికి మెత్త

"ఆ గదిలో నడిచేదెవరమ్మా?" అని అడిగాడు ముసలాయన.

దుకాణంలో కార్పెట్ కొనేశాక, దాని కింద వేసే మెత్తను ఎంచుకుంటోంది ఆమె. వేలెడు మందం ఉన్న ఫోమ్ మీద అరచెయ్యి పెట్టి నొక్కితే, చెయ్యి హాయిగా దిగిపోయింది. దాని మీద మనసు పడింది.

మా అమ్మ, అని చెప్పింది.

అమ్మ ముప్పై ఏళ్లు లాండ్రీలో రాతి నేల మీద నిలబడి బట్టలు ఇస్త్రీ చేసింది. మడమలు పగిలి, మోకాళ్లు అరిగి, ఇప్పుడు కూతురింటికి వచ్చింది. ఇన్నాళ్లకైనా ఆ పాదాలు మెత్తటిదాని మీద పడాలని కూతురి ఆశ.

"కర్రతో నడుస్తుందా?"

"అవును. అయితే?"

ముసలాయన మూలనున్న మరో మెత్త చుట్ట తెచ్చి విప్పాడు. బాగా అణిచి చేసిన ఉన్ని పొర అది. అట్టలా పలచగా, గట్టిగా, బూడిద రంగులో ఉంది. కర్ర పట్టినవాళ్లకు ఇదే మంచిదనీ, మరీ మెత్తనిదైతే పాదం కుంగి, కర్ర మొన దిగబడి అడుగు తడబడుతుందనీ చెప్పాడు.

ఆమెకు చిరాకేసింది. అమ్ముడుపోని సరుకు అంటగట్టాలని చూస్తున్నాడనుకుంది. ఫోమే కావాలంది.

ఆయన ఫోమ్ చుట్టకు అడ్డంగా నిలబడ్డాడు.

"నా మాట వినమ్మా. మీ అమ్మగారిని ఒక్కసారి తీసుకొచ్చి, రెండిటి మీదా నడిపించి చూడు."

"మా అమ్మకేం కావాలో మీరు చెప్పాలా?"

ఆమె గొంతు విని యజమాని లోపలి నుంచి వచ్చాడు. కొనడానికి వచ్చినవాళ్లతో మాట్లాడే తీరు ఇదేనా అనీ, ఇలాంటి మనిషిని పెట్టుకుంటే మళ్లీ ఈ గడప తొక్కననీ ఆమె కడిగేసింది.

యజమాని ఆమెకు క్షమాపణ చెప్పాడు. ముసలాయనను పక్కకు తీసుకెళ్లి మెల్లగా ఏదో చెప్పాడు. ఆయన తలూపి, చెప్పులేసుకుని బయటికి నడిచాడు.

మర్నాడే గదిలో ఫోమ్ పరిచారు. పైన కార్పెట్.

అమ్మ మొదటి అడుగు వేసి, "దూది మీద నడుస్తున్నట్టుందే" అని చిన్నపిల్లలా నవ్వింది. కూతురికి కడుపు నిండిపోయింది.

ఇరవయ్యో రోజు పొద్దున, కిటికీ తెర తీద్దామని అమ్మ లేచింది. కర్ర ఊని పక్కకు తిరిగింది. కర్ర మొన దిగబడి వాలిపోయింది. కుంగిన పాదాన్ని కూడదీసుకునేలోగా పడిపోయింది.

తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ చేసినా, ఇక మంచం దిగడం కష్టమేనన్నారు డాక్టర్లు.

"గది బాగానే ఉందే. నా కాలే మాట వినలేదు" అంది అమ్మ, కూతురి చెయ్యి పట్టుకుని.

కూతురు మొహం పక్కకు తిప్పుకుంది.

అమ్మను ఇంటికి తెచ్చిన వారానికి ఆమె ఆ దుకాణానికి వెళ్లింది. మెత్త మార్చుకోవడానికి కాదు, ఇక ఆ గదిలో నడిచేవాళ్లు లేరు. ముసలాయనకు ఒక్క మాట చెప్పాలని వెళ్లింది.

ఆయన లేడు.

ఆ రోజు తనే ఆయన్ను కొన్నాళ్లు రావద్దన్నాననీ, ఆయన మళ్లీ రానేలేదనీ, పోయిన నెలలో నిద్రలోనే పోయాడనీ యజమాని చెప్పాడు.



"నావల్ల ఆయన ఉద్యోగం పోయింది" అంది ఆమె.

"ఉద్యోగమా?" యజమాని ఆమె వైపు జాలిగా చూశాడు. "ఆయన ఇక్కడ పనివాడు కాదమ్మా. తన చేత్తో పరిచిన ఫోమ్ మీదే భార్య పడి చనిపోయాక, సొంత దుకాణాన్ని నాకు అమ్మేసి, కొనేవాళ్లతో రెండు మాటలు చెప్పనిస్తే చాలని రోజూ వచ్చి నిలబడేవాడు."